టీచర్ల కాలనీకి బస్సు మాఫీ

మా బావ ఇల్లు కొన్నది జగిత్యాలలో. చూసింది మాత్రం ఖతర్‌లో, బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపుల్లో, వరసగా మూడు శుక్రవారాలు. ఇందులో వింతేమీ లేదు. జగిత్యాల చుట్టూ లేచిన కొత్త కాలనీల్లో ఇళ్ళు కట్టుకున్న మగవాళ్ళలో చాలామంది ఆ క్యాంపుల్లోనే ఉండేవారు. కాలనీకి వెళితే ఆడవాళ్ళూ పిల్లలూ కనిపిస్తారు. ఇంటి యజమానిని చూడాలంటే బర్వాకే రావాలి. అక్కడ ఆయన బకెట్టు పట్టుకుని బాత్‌రూమ్ లైన్లో ఉంటాడు.

అవి ఆయిల్ ధర రోజూ ఎక్కుతున్న రోజులు. మెస్‌లో టీవీ చూసి ధర పెరిగిందని తెలిస్తే అందరం ఒక నిట్టూర్పు విడిచేవాళ్ళం. ధర ఎక్కినకొద్దీ మా లీవులు దిగేవి. మెసయీద్‌లో ఒక ప్లాంటు పూర్తి కాకముందే పక్కన ఇంకోటి మొదలయ్యేది. బావ అక్కడ రిగ్గర్. క్రేన్ ఎత్తాల్సిన బరువుకు తాళ్ళూ కొక్కేలూ బిగించి, దూరంగా నిలబడి చేతులతో సైగలు చేస్తూ, అది ఎవరి మీదా పడకుండా దింపించడం ఆయన పని. పద్నాలుగేళ్ళు చేతులతో మాట్లాడి మాట్లాడి ఫోన్‌లో కూడా సైగలు చేసేవాడు. అవతల మా అక్కకు అవి కనిపించవని నేను చాలాసార్లు చెప్పాను. "తెల్సు తియ్యిరా" అంటూ ఆ మాటకు కూడా ఒక సైగ చేసేవాడు.

నేను అదే కంపెనీలో టైమ్‌కీపర్ని. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని రాసుకోవడం నా ఉద్యోగం. కంపెనీ క్వార్టర్లలో ఇద్దరిదీ ఒకే గది. కింది మంచం బావది, పై మంచం నాది. అక్క మొగుడి నెత్తిమీద పడుకోవడం మా ఇళ్ళల్లో మర్యాద కాదు గానీ, మంచాలు వేయించింది కంపెనీ.

ఆ ఏడు మా మేనకోడలు ఐదో తరగతి పూర్తి చేస్తోంది. మా పల్లెలో బడి అక్కడితో ఆఖరు. జగిత్యాల బయటి రోడ్డు మీద ఉన్న ఇంగ్లీష్ మీడియం స్కూల్లో ప్రవేశ పరీక్ష రాసింది, పాసయింది. జూన్‌లో ఆరో తరగతిలో చేరాలి. చేరడం వరకూ బాగానే ఉంది, వెళ్ళడమే సమస్య. ఊరి నుంచి పిల్లలను తీసుకెళ్ళేది ఒక్కటే ఆటో. అందులో పద్నాలుగు మంది. మా మేనకోడలు ఆటో ఎక్కిందంటే సగం దారిలో కక్కుకునేది. మిగతా పదమూడు మంది తల్లులూ కలిసి మా అక్క దగ్గరికొచ్చి ఈ విషయం మీద మాట్లాడారు. అందుకని పట్నం అంచున ఇల్లు కొనాలనీ, స్కూల్ బస్సు ఇంటి దగ్గరికి వచ్చే చోటే కొనాలనీ అనుకున్నారు. అక్కకు బండి రాదు, చిన్నవాడు ఇంకా చంకలో ఉన్నాడు. బస్సు లేకపోతే బడి లేదు. మన దగ్గర స్కూలుకు ఫలానా వీధుల వరకే అని హద్దులుండవు, ఫీజు కట్టేవాళ్ళందరూ హద్దులోనే ఉన్నట్టు. అసలు హద్దు బస్సుది. అది ఏ మలుపులో వెనక్కి తిరుగుతుందో అక్కడి దాకానే చదువు.

అక్క రెండు ఇళ్ళు చూసొచ్చి ఫోన్ చేసింది.

"ఒకటి టీచర్ల కాలనీల. రెండు అర్రలు, వంటిల్లు జర చీకటి. ఇంకోటి కాల్వ అవుతల. మూడు అర్రలు, కొత్తది, టైల్స్ ఏసిన్రు."

"కాల్వ అవుతల అంటే యాడ?" అన్నాడు బావ.

"అదేనయ్యా. దుబాయ్ కాలనీ."

బావ ముఖం చూసి కొక్కెం జారిందేమో అనుకున్నాను.

ఆ కాలనీకి బోర్డు మీద ఏదో నగర్ అని మంచి పేరే ఉంది. ఆ పేరు బోర్డుకు తప్ప ఎవరికీ తెలియదు. గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళ ఇళ్ళు ఎక్కువ కాబట్టి ఊరంతా దుబాయ్ కాలనీ అంటుంది. నిజానికి ఆ ఇళ్ళల్లో దుబాయ్ వాళ్ళు ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళు ఖతర్, మస్కట్, కువైట్. ఆ తేడా మా వైపు ఎవరికీ పట్టదు. ఒకసారి లీవు నుంచి తిరిగొస్తున్న బావకు పక్కింటామె ఒక డబ్బా సకినాలిచ్చి, "మావోడు గూడ దుబాయ్‌లనే ఉన్నడు, ఇచ్చెయ్యి బిడ్డా" అంది. వాళ్ళ అబ్బాయి మస్కట్‌లో ఉన్నాడు. సకినాలు మేమే తిన్నాం. ఆమె మనసులో మాత్రం అవి చేరాల్సిన చోటికే చేరాయి.

"దుబాయ్ కాలనీల ఉంటే పిల్లను బళ్ళె ఏమంటరు?" అన్నాడు బావ ఫోన్ పెట్టేశాక. "యాడుంటవే అని అడుగుతరు. దుబాయ్ కాలనీ అంటది. ఓహో దుబాయోని బిడ్డవా అంటరు."

"నువ్వు దుబాయోనివే గదా బావా."

"నేను ఖతరోన్ని."

"ఆ ముచ్చట ఊళ్ళ ఎవనికన్న ఎర్కనా?"

"అందుకే చెప్తున్న. ఆ కాలనీ పేరు మంచిగ లేదురా. మగోళ్ళు లేని ఇండ్లంటరు. తండ్రి ఫోన్‌ల ఉంటే పిల్లలు ఎవని మాట ఇంటరు?"

ఆయన ఈ మాట ఇంకెవరి గురించో చెబుతున్నట్టే చెప్పాడు. కూతురుకు ఎక్కాలు ఫోన్‌లో ఒప్పజెప్పించుకునే మనిషి.

బరువు తెలియకుండా లోడు ఎత్తడం రిగ్గర్లకు నిషేధం. ఇంటి విషయంలోనూ బావ అదే పద్ధతి పెట్టుకున్నాడు. ముందు అందరినీ అడగాలి, తూచాలి, తరవాతే ఎత్తాలి. శుక్రవారం సెలవు. పొద్దున్నే కంపెనీ బస్సులో దోహా వైపు, బర్వాకు బయల్దేరేవాళ్ళం. నన్ను ఎందుకు వెంట తీసుకెళ్ళేవాడంటే, సాక్షి ఉండాలట.

మొదట దొరికింది దుబాయ్ కాలనీలో సొంత ఇల్లున్న ఒక క్రేన్ ఆపరేటర్. ఇల్లు కట్టి ఎనిమిదేళ్ళయింది. ఆ ఇంట్లో ఆయన పడుకున్నది మూడు లీవుల్లోనే.

"ఇల్లెట్లున్నదన్నా?" అన్నాడు బావ.

"మస్తున్నది."

"నీళ్ళు?"

"ఉంటయి గావచ్చు."

"స్కూల్ బస్?"

"మా ఆమెను అడగాలె."

"పొద్దున ఎండ యాడ పడ్తది?"

ఇది మాత్రం తనకు తెలుసని ఆయన ఉత్సాహంగా లేచాడు. గది మధ్యలో నిలబడి, "ఇదిగో, ఇది తలుపనుకో" అని మంచాన్ని చూపించి, ఒక చుట్టు తిరిగి, ఇంకో సగం చుట్టు తిరిగి, చివరికి బాత్‌రూమ్‌ల వైపు చెయ్యి చాపి ఆగాడు. "ఇటు దిక్కు" అన్నాడు. మేమిద్దరం ఆ దిక్కు చూశాం.

టీచర్ల కాలనీ గురించి అడిగితే ఆయన గొంతు తగ్గించాడు. "అండ్లకు పోకన్నా. అందరు సార్లే. టీవీ సౌండ్ జరంత పెంచితె గోడ మీదికెల్లి మందలిస్తరు. చుట్టాలొచ్చి గట్టిగ నవ్వినా మార్కులు కోస్తరు."

బావకు ఇది నచ్చింది. గోడ మీంచి మందలించే ఒక సార్ ఉన్న వీధిలో ఆడపిల్ల పెరగడం ఆయనకు కావలసినదే. తండ్రి ఫోన్‌లో ఉన్నా సార్ గోడ మీద ఉంటాడు.

రెండో శుక్రవారం టీచర్ల కాలనీ మనిషి దొరికాడు. భార్య గవర్నమెంట్ టీచర్, ఈయన ఇక్కడ ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్. తొమ్మిదేళ్ళ నుంచి ఖతర్‌లో ఉన్నాడు. మేం వెళ్ళేసరికి యూనిఫామ్ ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"మంచి కాలనీ. పేరున్న కాలనీ" అన్నాడు. "గని నీతోని అబద్ధమెందుకు, ఈ మధ్య పేరు జర ఖరాబైతున్నది."

"ఏమైందన్నా?" బావ ముందుకు వంగాడు.

"దుబాయోళ్ళొచ్చి కొంటున్నరు."

బావ గంభీరంగా తల ఊపాడు. ఆయనా ఊపాడు. ఇద్దరూ కాసేపు ఆ సమస్య గురించి బాధపడ్డారు. ఇస్త్రీ పెట్టె కింద కంపెనీ పేరున్న చొక్కా పొగలు కక్కుతోంది. నేను పైన ఫ్యాను చూస్తూ కూర్చున్నాను. ఏమైనా అందామనుకున్నా గానీ, ఇద్దరి ముఖాల్లో ఎక్కడా నవ్వు దొరకలేదు.

వస్తూ వస్తూ బస్సులో అన్నాను. "బావా, మనం కొంటే ఆ కాలనీ పేరు ఇంకింత ఖరాబైతది గదా?"

"ఒక్కనితోని ఏం గాదు" అన్నాడు. అన్ని కాలనీల్లోనూ అందరూ ఇలాగే అనుకుని కొంటారని తరవాత అర్థమైంది.

మూడో శుక్రవారం బస్సు సంగతి తేలింది. బర్వాలో ఉండే ఒక లారీ డ్రైవర్ తమ్ముడు జగిత్యాలలో సరిగ్గా ఆ స్కూల్ బస్సే నడుపుతున్నాడు. ఇలాంటివి చూసి మా రూముల్లో కొందరు దేవుడి లీల అనేవారు. జగిత్యాల చిన్న ఊరు, అంతే. డ్రైవరన్న అక్కడే తమ్ముడికి ఫోన్ చేసి, మాట్లాడి, పెట్టేసి తీర్పు చెప్పాడు.

"కాల్వ అవుతలికి వస్తదట. దుబాయ్ కాలనీల ముప్పై మంది పిల్లలెక్కుతరట, తండ్రులు లేరు గదా, బస్ గావాలె. టీచర్ల కాలనీల సార్లు వాళ్ళ పిల్లల్ని వాళ్ళే స్కూటర్ మీద దింపుకుంటరు. మలుపు గూడ ఇరుకు, బస్ తిర్గదు. అక్కడికి బస్ మాఫీ."

మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదు అని. నీళ్ళు మాఫీ, లీవు మాఫీ, డ్యూటీ మాఫీ. దిగిన వారం రోజులకే ఎవరికైనా వచ్చేసే మాట. ఎక్కువసార్లు వినాల్సి వస్తుంది కాబట్టి తొందరగా వస్తుంది.

తిరుగు బస్సులో బావ కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. బయట ఇసుక, ఇసుక తరవాత ఇసుక, మధ్యలో ఒక పైపులైను.

"పేరు ఇటున్నది. బస్ అటున్నది. నా బిడ్డ చదువు నడిమిట్ల కాల్వల పడ్డట్టున్నదిరా."

"కాల్వ మీద బ్రిడ్జి ఉన్నది బావా. అక్కనే చెప్పింది."

ఆయన నావైపు చూడలేదు. బాధపడేవాడికి బ్రిడ్జి సంగతి చెప్పకూడదు.

గదికి వచ్చాక మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ లైన్ మధ్యలో తెగిపోయే రకం కాబట్టి ముఖ్యమైన విషయాలు వాయిస్ మెసేజ్ పెట్టడం మా అలవాటు. నేను పై మంచం దిగి పక్కన కూర్చున్నాను. బావ ఒక్కసారే, తడబడకుండా చెప్పాడు.

"ఇను. అందర్ని అడిగిన. టీచర్ల కాలనీ పేరు మంచిగున్నది, స్కూల్ బస్ మాఫీ. దుబాయ్ కాలనీకి బస్ వస్తది గని, పేరు మంచిగ లేదు. పిల్లను రోజు చూసుకునేది నువ్వు. నువ్వు ఏదంటె అదే."

మాఫీ అన్నప్పుడు రెండు అరచేతులూ తెరిచి ఖాళీగా చూపించాడు. ఆ సైగ మెసేజ్‌లో వెళ్ళలేదు.

"ఎట్లున్నది?" అని నన్నడిగాడు.

"సాఫ్‌గ ఉన్నది బావా. ఎవరికన్న సమజైతది" అన్నాను. ఈ వాక్యాన్ని తరవాత నాకు చాలాసార్లు గుర్తు చేశారు.

మర్నాడు అక్క జవాబొచ్చింది. "బస్ మాఫీ అన్నంక ఇంకేం ఆలోచించుడయ్యా. టీచర్ల కాలనీలనే తీస్కుందం. రేపే బయానా ఇస్త."

బావ దాన్ని మూడుసార్లు విన్నాడు. మూడోసారి కళ్ళు తుడుచుకున్నాడు.

"సూసినవా మీ అక్కను? బస్ లేకున్న ఫర్వాలేదంటుంది. పేరున్న కాలనీల పిల్ల పెరగాలె అంటుంది. చిన్నోన్ని చంకనేసుకోని పిల్లను బడిదాక నడిపిస్తదటరా."

"నడిపిస్తనని యాడన్నది?"

"అనలే. మాటల ఉన్నది."

నేను మళ్ళీ విన్నాను. నాకు ఎక్కడా కనపడలేదు గానీ, మా అక్క గురించి మంచి మాటలు నడుస్తుంటే అడ్డుపడటం బాగుండదని ఊరుకున్నాను. ఆ వారమంతా మెస్‌లో మా అక్క త్యాగం గురించి బావ చెబుతూనే ఉన్నాడు. ఒక నేపాలీ వెల్డర్ కూడా తన భార్యకు ఫోన్ చేసి, ఇండియా ఆడవాళ్ళను చూసి నేర్చుకోమన్నాడని విన్నాను. ఆమె ఏమందో అతను చెప్పలేదు.

అదే వారం ఊరి నుంచి నా దోస్తు ఫోన్ చేశాడు. మాటల మధ్య, "మీ బావకు మస్తు పలుకుబడి ఉన్నదటగదరా. అందరు అనుకుంటున్నరు" అన్నాడు. బావకు పలుకుబడి ఉన్నది క్రేన్ దగ్గరే. ఊళ్ళో జనం ఏదో ఒకటి అనుకుంటారులే అని నేను పట్టించుకోలేదు.

రిజిస్ట్రేషన్ అయింది. అక్క టీచర్ల కాలనీలోకి మారింది. చీకటి వంటింట్లో ఒక బల్బు ఎక్కువ పెట్టించింది. జూన్ వచ్చింది.

స్కూలు తెరిచిన రోజు మధ్యాహ్నం, సైట్‌లో అన్నానికి కూర్చున్నప్పుడు ఫోనొచ్చింది. బావ స్పీకర్ పెట్టి పక్కన పెట్టాడు, చేతులకు పప్పన్నం ఉంది.

"ఏమయ్యా, బస్ రాలే!" అంది అక్క.

"యాడికి?"

"ఇంటికాడికి. పిల్ల యూనిఫామ్ ఏస్కోని గంటసేపు గేట్‌కాడ నిలవడ్డది. నువ్వు మాఫీ అంటివి గదా!"

"మాఫీ అన్న గదా. మరెట్లొస్తది?"

"మాఫీ అన్నవ్ గదా. మరెందుకు రాదు?"

"అరే, మాఫీ అనంగనే సమజ్ గావాలె గదనే!"

"సమజైంది కాబట్టే కొన్న!"

అన్నం విరామం ముప్పై నిమిషాలు. ఇరవై అయిదు నిమిషాలు ఇదే సాగింది. ఇద్దరూ ఒకటే మాట అంటున్నారు, ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తినడం ఆపి వినసాగారు. నేను బావ పప్పు చల్లారుతోందని గుర్తుచేశాను. ఆయన కంచాన్ని నా వైపు తోశాడు. విజిల్ మోగింది, ఫోన్ పెట్టేశాం. ఆ మధ్యాహ్నం బావ సైగలు చూసి సైట్ క్రేన్ ఆపరేటర్ రెండుసార్లు కిందికి దిగి వచ్చి, ఏమైందని అడిగాడు.

తరవాతి శుక్రవారం బర్వాకు పోలేదు. అక్కడి సలహాల మీద ఆయనకు నమ్మకం పోయింది. దోహా లోపలి ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌కు వెళ్ళాం. అక్కడ పాత బిల్డింగ్‌లో ఒక ఏసీ మెకానిక్ ఉండేవాడు, జగిత్యాల ఖిల్లా దగ్గరి మనిషి, వయసులో బావ కంటే పెద్ద. అందరం భాయ్ అనేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, డ్యూటీలో అరబ్బీ, మూడూ ఒకే వేగంతో మాట్లాడేవాడు. చాయ్ పోసి, "క్యా హువా మియా, ముఖం గట్ల పెట్టినవ్?" అన్నాడు.

బావ మొదటి నుంచీ చెప్పాడు. నేను రెండు వాయిస్ మెసేజ్‌లూ వినిపించాను. మొదటిది సగం కాకముందే భాయ్ కప్పు కింద పెట్టాడు. రెండోది విన్నాక టోపీ తీసి మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అని బావ కంగారుపడ్డాడు. భుజాలు చూస్తే నవ్వుతున్నాడని తెలిసింది.

"అరె భాయ్, నీ మాఫీ వేరె, ఆమె మాఫీ వేరె! నువ్వు అరబ్బీల చెప్పినవ్. ఆమె మన ఉర్దూల విన్నది. మన దగ్గర మాఫీ అంటే ఏంది? రైతుల అప్పు మాఫీ అంటరు. కరెంట్ బిల్లు మాఫీ అంటరు. అంటే?"

బావ నోరు తెరిచాడు. 

"అంటే బస్ ఫీజు మాఫీ అనుకున్నది" అన్నాను నేను. అన్నాక, నా దోస్తు చెప్పిన పలుకుబడి అప్పుడు అర్థమైంది. ఇక్కడ బావ మెస్‌లో అక్క త్యాగం గురించి చెబుతున్న వారం రోజులూ, అక్కడ అక్క ఊరంతా తిరిగి, ఖతర్‌లో కూర్చుని కూడా స్కూల్ బస్సు మాఫీ చేయించిన మొగుడి గురించి చెప్పుకుంది. మొదటి రోజు గేటు దగ్గర ఎదురింటి రిటైర్డ్ సార్, "ఇక్కడికి బస్సు ఎన్నడూ రాలేదమ్మా" అంటే, "మీకు తెల్వదు సార్, మాకు మాఫీ అయింది" అందట. ఆయన తెలుగు మాస్టారు. ఆ వాక్యాన్ని చాలాసేపు ఆలోచించి ఇంట్లోకి వెళ్ళిపోయాడట.

"నువ్వన్న చెప్పకపోతివి" అని బావ నామీద పడ్డాడు. "పక్కకే కూసున్నవ్ గదరా!"

అందరి డ్రామాలోనూ తప్పులు పట్టేవాణ్ణి, ఎవరు వచ్చారు ఎవరు రాలేదు అని రాయడమే పనిగా ఉన్నవాణ్ణి, రాని బస్సు పక్కనే కూర్చుని సాఫ్‌గా ఉందన్నాను. ఆ మాట మాకు ఎంత అలవాటయిందంటే, అది మన మాట కాదన్న సంగతి నాకూ తట్టలేదు.

"ఇప్పుడేం జేయాలె భాయ్?" అన్నాడు బావ.

"మూడో మాఫీ ఒకటున్నది" అన్నాడు భాయ్ చాయ్ తీసుకుంటూ. "అది ఆమెను అడుగు. జల్దీ అడుగు."

బావ బయట మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాడు. అడిగాడో లేదో నేను వినలేదు, వినేంత దగ్గరగా నన్ను కూర్చోనివ్వలేదు. తలుపు సందులోంచి చూస్తే మాత్రం అరచేతులు జోడించి పట్టుకున్నాడు. ఆ సైగ కూడా అక్కకు కనపడలేదు గానీ, లోపలికి వచ్చినప్పుడు మొహం కాస్త తేలికగా ఉంది. ఎందుకంటే అక్క ఆయన సంజాయిషీ కోసం ఆగలేదు. రెండోరోజే పిల్లను తీసుకుని, చిన్నవాణ్ణి చంకనేసుకుని, కాలువ మీది బ్రిడ్జి దాటి దుబాయ్ కాలనీ మలుపులో బస్సు కోసం నిలబడిందట. నడిస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసమే మేం మూడు శుక్రవారాలు తూచింది.

అక్కడ బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకామె అక్కను కింది నుంచి పైదాకా చూసి అందట: "టీచర్ల కాలనీ అటగదా? పేరు చూసి కొన్నరట. మరి ఆ పేరెక్కి పోరాదు బడికి?"

మా అక్క ఊరుకునే రకం కాదు. ఏదో అనబోయేలోగా బస్సొచ్చింది. ఆ మనిషే పిల్ల బ్యాగు అందుకుని, చెయ్యి పట్టి ఎక్కించి, డ్రైవర్‌తో, "ఈ పిల్లకు వాంతి అలవాటట, కిటికీ సీటియ్యి తమ్మీ" అందట. ఆ సంగతి ఆమెకు ఎలా తెలుసో అక్కకు అంతు చిక్కలేదు. ఊళ్ళో ఆటో తల్లుల్లో ఒకామె ఆమెకు చుట్టమని తరవాత తేలింది. పేరు కాలనీలకే కాదు, మా మేనకోడలికీ ఉంది, అది ఆమెకన్నా ముందే అక్కడికి చేరింది.

నెల తరవాత అక్క ఒక ఫొటో పంపింది. స్కూల్ ఐడీ కార్డు. రెండు జడలు, టై, నవ్వు ఆపుకుంటున్న మొహం. బావ కార్డు అంతా ఒక్కో గీతా చదివాడు. పేరు, తరగతి, తండ్రి పేరు. కింద బస్ పాయింట్ అని ఉంది. దానికెదురుగా ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి ఉంది: దుబాయ్ కాలనీ.

నేను పై మంచం మీద నుంచి తల వంచి చూస్తున్నాను. ఏమంటాడో చూద్దామని ఎదురుచూశాను. నా వైపు నుంచి రెండు మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి.

"దుబాయ్ స్పెల్లింగ్ కరెక్టేనా?" అన్నాడు.

"కరెక్టే."

"మరైతే చదువు మంచిగనే చెప్తరు" అన్నాడు, ఫోన్ పక్కన పెట్టాడు.



ఫొటో కింద పిల్ల వాయిస్ మెసేజ్ ఒకటి ఉంది. "నాన్నా, బస్‌ల అందరు మా పాయింటోళ్ళే. కిటికీ సీటు నాదే. నెలంత ఒక్కసారి గూడ కక్కలే." దీన్ని బావ మూడుసార్లు కాదు, ఎన్నిసార్లు విన్నాడో నేను రాసుకోలేదు.

ఆ తరవాత మళ్ళీ బర్వా వెళ్ళడం మొదలుపెట్టాం. ఇప్పుడు బావే అక్కడ పెద్దమనిషి. టీచర్ల కాలనీలో ఇల్లున్న మనిషి. ఆ ఇంట్లో ఇంకా ఒక్కరోజు కూడా పడుకోలేదు, లీవు శాంక్షన్ కాలేదు. ఒక శుక్రవారం ధర్మపురి వైపు నుంచి వచ్చిన ఒక షటరింగ్ కార్పెంటర్ మా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఇద్దరు ఆడపిల్లలట, పెద్దది వచ్చే ఏడు ఆరో తరగతట.

"అన్నా, టీచర్ల కాలనీ ఎట్లుంటది?"

"మంచి కాలనీ" అన్నాడు బావ కాలు మీద కాలేసుకుని. "పేరున్న కాలనీ. గని ఈ మధ్య దుబాయోళ్ళొచ్చి..." అని నా మొహం చూసి అక్కడితో ఆపాడు.

"మరి స్కూల్ బస్ అన్నా?"

"బస్..." అన్నాడు బావ. అరచేతులు రెండూ తెరుచుకోబోయాయి. వెంటనే వాటిని ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకున్నాడు. క్రేన్ దగ్గర ఆ సైగకు అర్థం, ఉన్నదున్నట్టు ఆపు అని. ఆగాడు. మాట కోసం వెతికాడు. పద్నాలుగేళ్ళ కింద దేశంలో వదిలేసి వచ్చినచోటే అది దొరికింది.

"రాదు" అన్నాడు. కార్పెంటర్ కళ్ళల్లోకి చూస్తూ మళ్ళీ ఒకసారి, పిల్లలకు ఎక్కం చెప్పినట్టు, విడివిడిగా అన్నాడు. "బస్. రాదు. బ్రిడ్జి దాటాలె."